తూకం చీటీ వెనక

ప్రూయిట్ గారూ,
మీరు మెథడిస్టులు, నేను కతోలిక గురువుని.
మనం కలిసేది పోస్టాఫీసు మెట్ల మీద, అదీ వాన గురించి.
పశ్చిమ కాన్సస్‌లో వాన గురించి మాట్లాడుకోవడం
ఇంచుమించు ప్రార్థనే కాబట్టి
ఆ చనువుతో రాస్తున్నాను.

తెక్లా వైగెల్ అని ఒకమ్మాయి. ఇరవై మూడేళ్ళు.
ధాన్యపు ఎలివేటరు దగ్గర లారీలు తూస్తుంది.
గోధుమ కోతలప్పుడు రోజుకి పద్నాలుగు గంటలు
చీటీ ముందు వైపు బరువు రాస్తుంది,
వెనక వైపు మనుషుల్ని.

మీకు మూడుసార్లు కథనాలు పంపింది.
మూడుసార్లూ మీ దగ్గర్నుంచి ఒకటే వాక్యం:
"చర్చి సంగతులు శనివారం పేజీలో, వంద మాటల్లోపు."
ఆ కాగితాలు దాచుకుంది. కోపంతో కాదు,
వాటి వెనకా ఖాళీ ఉందని.

ఉండేది లాండ్రీ పైన గదిలో.
కింద డ్రయ్యర్లు తిరుగుతున్నంతసేపే గది వెచ్చన.
ఊరు బట్టలుతుక్కోని రాత్రి
ఆమె పెన్ను కదలదు.

పోయిన ఫిబ్రవరిలో ముసలి అలోయిస్ డోమ్ చనిపోయాడు.
విచారణ పత్రికకి నాలుగు లైన్లు రాయమన్నాను.
పుణ్యాత్ముడని రాయలేదు.
"నలభై ఏళ్ళు ఒకే బల్ల చివర కూర్చున్నాడు.
అక్కడ వార్నిష్ పోయింది. దయచేసి మళ్ళీ పూయకండి."
మంచులో కూడా జనం వచ్చి
ఆ చోటు తడిమి వెళ్ళారు.
పద్దెనిమిదేళ్ళుగా ప్రసంగాలు చెబుతున్నాను,
నా మాట విని ఎవరూ దేన్నీ తడమలేదు.

ఇక లోపాలు. దాస్తే అబద్ధమవుతుంది,
అబద్ధమాడితే పాపసంకీర్తనానికి
నేను అరవై మైళ్ళు కారు నడపాలి.
ఆలస్యంగా వస్తుంది.
పేరా తీసేస్తే ఊరుకుంటుంది, కామా తీసేస్తే పోట్లాటే.
అద్దె రెండు నెలల బాకీ. పట్నం వెళ్ళి ప్లాస్మా అమ్మి
మోచేతి మీద దూదితోనే పూజకొచ్చి
మొదటి పఠనం చదువుతుంది.
దేవుణ్ణి నమ్ముతుంది. మేత్రాణుల్ని అంతగా కాదు.

ఇప్పుడు జతచేసిన కాగితం చూడండి.
మా బడి మూసేసిన రాత్రి గురించి.
మేత్రాసనం నుంచి వచ్చినాయన లెక్కలు చదివాడు:
పదకొండు మంది పిల్లలు, కారే కప్పు.
తల్లులు లేచి అడిగారు.
"విచారణ గురువు ఏమీ మాట్లాడలేదు.
గోడ మీది థర్మోస్టాటు వంక చూస్తూ కూర్చున్నాడు.
అక్కడ అరవై రెండు అని ఉంది."

నిజమే, చూశాను. అరవై రెండే.
నేను చూడ్డం ఎవరూ చూడలేదనుకున్నాను.
అచ్చుకిచ్చే ముందు నాకే తెచ్చిచ్చింది,
"తప్పుంటే చెప్పండి ఫాదర్" అని.
రాత్రంతా వెతికాను.
ఒక్క స్పెల్లింగు దొరికింది.

నేను గుంటూరు నుంచి ఈ దేశం వచ్చినప్పుడు
నాకంటే ముందు ఒక ఉత్తరం వచ్చింది.
అందులో నా గుణం ఒకటే రాశారు: విధేయుడు.
ఆ మాట మీదే విమానం ఎక్కాను,
ఆ మాట మీదే ఆ రాత్రి నోరు మూసుకున్నాను.
ఈ పిల్ల గురించి ఆ మాట నేను రాయను.
మీరు అడిగినా రాయను.

ఉద్యోగమే ఇమ్మనడం లేదు.
ఒక్కసారి కౌన్సిలు మీటింగుకి పంపండి,
నీటి బిల్లుల గురించే కానివ్వండి.
ఎవరు ఏం అన్నారో మీ పాత విలేకరీ రాస్తాడు.
అనకుండా ఎవరు ఎటు చూశారో ఈమె రాసుకొస్తుంది.
మీరు వెళ్తే మాత్రం
కాస్త జాగ్రత్తగా కూర్చోండి.

ఇట్లు,
(మా భాషలో ఇక్కడ ఒక మాట రాస్తాం, ఈసారికి వదిలేస్తున్నాను)
శౌరయ్య

తా.క. ఆమె కారులో హీటరు పనిచెయ్యదు.
పిలిస్తే, ఓ పది నిమిషాలు
వేళ్ళు వేడెక్కనిచ్చి
అప్పుడు కాగితం ఇవ్వండి.